వేటాడితే జంతువులు బతుకుతాయా?

ఈ నెల ఇంటి పాఠం: 8, 9, 10 తరగతుల తల్లిదండ్రులకు



ఈ టర్మ్ సీనియర్ డిబేట్‌కు ఇచ్చిన అంశం మీ ఇంట్లో ఈపాటికి ఒకసారైనా వినిపించి ఉంటుంది. డబ్బు కట్టించుకుని, లైసెన్సు ఇచ్చి, పెద్ద జంతువుల వేటకు అనుమతిస్తే వన్యప్రాణుల సంరక్షణకు మేలు జరుగుతుందా, కీడు జరుగుతుందా? పిల్లలు రెండు పక్షాలుగా మాట్లాడాలి. చాలామంది మొదటి మాటనే చివరి మాటగా చెప్పేస్తారు: చంపడం తప్పు, అంతే. కొందరు యూట్యూబ్‌లో చూసి వచ్చి, ఆఫ్రికాలో వేట వల్లే జంతువులు పెరిగాయని అంటారు. రెండూ పూర్తి జవాబులు కావు. రాత్రి భోజనాల దగ్గర ఈ చర్చను మీరు కాస్త ముందుకు తీసుకెళ్లడానికి పనికొచ్చే విషయాలు ఇక్కడ ఇస్తున్నాం. అంశం ఎక్కడో ఆఫ్రికాది అనిపిస్తుంది గానీ, దీనికి కావలసిన ఉదాహరణలు మన కావలి నుంచి తడ దాకా హైవేకి అటూ ఇటూ చాలానే ఉన్నాయి.

మనకు వేట అంటే ఏమిటి

ముందు మాట సంగతి చూద్దాం. ఇంగ్లిష్ పాఠంలో 'బిగ్ గేమ్' అని కనబడితే చిన్న తరగతుల పిల్లలు ఏదో పెద్ద ఆట అనుకుంటారు. అక్కడ గేమ్ అంటే వేటాడే జంతువు. పులి, ఏనుగు, అడవిదున్న వంటివి బిగ్ గేమ్. బాతులు, కౌజులు, కుందేళ్లు స్మాల్ గేమ్. మన తీరంలో మాత్రం వేట అనే మాటకు ఇంకో అర్థం ఉంది. ఇస్కపల్లిలోనో, జువ్వలదిన్నెలోనో, మైపాడులోనో ఒక పిల్లవాడు "మా నాయన వేటకు పోయినాడు" అంటే ఎవరికీ తుపాకీ గుర్తుకు రాదు. పడవ, వల, సముద్రం గుర్తుకొస్తాయి.

ఆ వేటకు మనం ఎప్పుడో నియమాలు పెట్టుకున్నాం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరమంతా మరబోట్ల వేట బంద్. చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టి సంతతి పెంచుకునే కాలమది. పడవ ఒడ్డునే ఉన్నా ఇంట్లో పొయ్యి వెలగాలి కదా, అందుకని ఆ రెండు నెలలకు మత్స్యకార కుటుంబానికి ప్రభుత్వం భృతి ఇస్తుంది. 2025లో అది 20 వేల రూపాయలు. సరిపోతుందా లేదా అనేది వేరే చర్చ. ఇక్కడ పిల్లలు గమనించాల్సింది ఒకటి: ఎప్పుడు ఆపాలో నిర్ణయించినప్పుడే, ఆపినవాళ్ల నష్టం ఎవరు భరించాలో కూడా నిర్ణయించారు. ఈ రెండో ప్రశ్నను డిబేట్‌లో ఎక్కువమంది మర్చిపోతారు. ప్రపంచంలో పెద్ద జంతువుల వేట మీద జరిగే వాదన సగం దాని చుట్టూనే తిరుగుతుంది.

లైసెన్సులు ఉన్న రోజులు

మన దేశంలో తుపాకీ వేట ఒకప్పుడు చట్టబద్ధమే. దొరలు, రాజులు, జమీందార్లు పులిని చంపడాన్ని పరువుగా భావించిన కాలం అది. ఆ పరువు మనకు ఎంత ఖరీదు పడిందో చెప్పడానికి చీతా చాలు. మన దేశంలో చివరిగా నమోదైన మూడు చీతాలు 1947లో, ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా సంస్థానంలో, అక్కడి మహారాజు తుపాకీకి ఒకే రాత్రి బలయ్యాయి. 1952లో చీతా మన దేశంలో అంతరించిపోయిందని ప్రకటించారు. పులి కూడా అదే దారిలో ఉందని గ్రహించి 1970లో పులుల వేటను నిషేధించారు. 1972లో లెక్కపెడితే దేశం మొత్తం మీద తేలినవి 1,827.

అదే ఏడాది వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఆ చట్టం రాగానే వేట పూర్తిగా ఆగిపోయిందని మన పాఠ్యపుస్తకాల వల్ల ఒక అభిప్రాయం ఏర్పడింది. నిజానికి 1972 నాటి చట్టంలోనే 'స్పెషల్ గేమ్', 'బిగ్ గేమ్', 'స్మాల్ గేమ్' అని జంతువుల జాబితాలు విడివిడిగా ఉండేవి. వాటికి వేట లైసెన్సులూ ఉండేవి. ఆ లైసెన్సుల పద్ధతిని పూర్తిగా ఎత్తేసింది 1991 సవరణ. అంటే, ఈ వ్యాసం చదువుతున్న మీలో చాలామంది బడికి వెళ్లే రోజుల్లో కూడా మన దేశంలో 'బిగ్ గేమ్ లైసెన్సు' అనేది చట్టంలో ఉన్న మాటే.

ఇప్పుడు వినోదం కోసం, కొమ్ముల కోసం, ఫొటో కోసం వేట మన దేశంలో ఎక్కడా చట్టబద్ధం కాదు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింకను చంపితే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు జైలు. ఆత్మరక్షణ, మనుషులకు ప్రమాదంగా మారిన జంతువు, శాస్త్ర పరిశోధన వంటి కొద్ది మినహాయింపులే మిగిలాయి. వాటిలో ఒకటి మన మెట్ట మండలాల రైతులకు సంబంధించినది, దాని దగ్గరకు తర్వాత వస్తాం.

వేటను సమర్థించేవాళ్ల లెక్క

డిబేట్‌లో అనుకూల పక్షం తీసుకున్న పిల్లలకు ఇబ్బందేమీ లేదు, గట్టి ఉదాహరణలే ఉన్నాయి. అన్నిటికన్నా గట్టిది మన పొరుగు దేశంలో ఉంది. పాకిస్తాన్ కొండల్లో మార్ఖోర్ అనే అడవిమేక ఉంటుంది. మగదానికి స్క్రూ లాగా మెలితిరిగిన పెద్ద కొమ్ములు. ఒకప్పుడు విచ్చలవిడిగా చంపడంతో అది తుడిచిపెట్టుకుపోయే స్థితికి వచ్చింది. తర్వాత అక్కడ ఒక ఏర్పాటు చేశారు. అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం దేశం మొత్తానికి ఏడాదికి పన్నెండు మార్ఖోర్లకు మాత్రమే అనుమతి. అదీ వయసు మీరిన మగవాటికే. ఒక్కో పర్మిట్ వేలంలో లక్ష డాలర్లు దాటి పోతుంది. అంటే మన లెక్కలో ఎనభై లక్షలకు పైమాటే. అందులో 80 శాతం ఆ కొండ కింద ఉన్న ఊళ్లకు వెళ్తుంది. బడి, మంచినీళ్లు, ఆసుపత్రి, కాపలాదారుల జీతాలు ఆ డబ్బుతోనే. నిన్నటిదాకా మాంసం కోసం మేకను కాల్చిన ఊరే ఇప్పుడు వేరేవాడు కాల్చకుండా కాపలా కాస్తోంది. 2015లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం మార్ఖోర్‌ను అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితా నుంచి తక్కువ ప్రమాదమున్న వర్గంలోకి మార్చింది.

దక్షిణాఫ్రికాలో తెల్ల ఖడ్గమృగాలు 1900 ప్రాంతంలో వంద కూడా లేవు. ఇప్పుడు వేల సంఖ్యలో ఉన్నాయి. ప్రభుత్వ పార్కుల శ్రమ దీనికి మొదటి కారణం. దాంతోపాటు, ప్రైవేటు భూముల యజమానులు వాటిని పెంచడానికి వేట రుసుము కూడా ఒక ఆకర్షణ అయింది. నమీబియాలో 1996లో చట్టం మార్చి, ఊళ్లు సంఘాలుగా ఏర్పడి తమ భూమిలోని వన్యప్రాణుల మీద వచ్చే ఆదాయాన్ని తామే తీసుకునే హక్కు ఇచ్చారు. అలాంటి సంఘాలు ఎనభైకి పైగా ఉన్నాయి, దేశంలో దాదాపు ఐదో వంతు నేల వాటి కింద ఉంది. అమెరికాలో 1934 నుంచి బాతుల వేటగాడు ప్రతి ఒక్కరూ 'డక్ స్టాంప్' కొనాలి. ఆ డబ్బుతో చిత్తడి నేలలు కొని బాతులకే వదిలేస్తారు. మన పులికాట్ లాంటి నేలలన్నమాట.

మరి ఎదుటి పక్షం ఏం చెప్పాలి?

వాళ్లకు సెసిల్ కథ తెలిసే ఉంటుంది. జింబాబ్వేలో హ్వాంగే పార్కుకు చెందిన మగ సింహం అది. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు మెడకు కాలర్ కట్టి ఏళ్ల తరబడి గమనిస్తున్నారు. 2015 జులైలో ఒక అమెరికన్ వేటగాడు పార్కు హద్దు దాటి వచ్చినప్పుడు దాన్ని చంపాడు. ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది. కన్నీళ్లు తెప్పించే ఉదాహరణ ఇది, కానీ డిబేట్‌లో దీనికన్నా బలమైనది టాంజానియా లెక్క. అక్కడ వేట చట్టబద్ధం, విశాలమైన అడవులు వేట కంపెనీలకు కేటాయించి ఉన్నాయి. అయినా 2009లో దాదాపు 1,09,000 ఉన్న ఏనుగులు 2014 నాటికి దాదాపు 43,000కు పడిపోయాయి. దంతాల దొంగలు చంపారు. లైసెన్సు వేట ఉన్నచోట దొంగ వేట ఆగుతుందనే వాదనకు ఇది గట్టి దెబ్బ.

అలాగని నిషేధం పెడితే అంతా బాగుపడుతుందనీ కాదు. కెన్యా 1977లోనే వేటను నిషేధించింది. ఆ తర్వాతి నలభై ఏళ్లలో అక్కడ జీబ్రాలు, జిరాఫీలు సహా ఎన్నో జంతువులు బాగా తగ్గాయి. కంచెలు, పశువులు, పెరిగిన జనాభా, కరువులు అందుకు కారణాలు. మన దేశంలో సరిస్కా పులుల అభయారణ్యంలో 2004-05 నాటికి ఒక్క పులి కూడా మిగల్లేదు. అక్కడా నిషేధం ఉంది, గార్డులు ఉన్నారు, బోర్డులు ఉన్నాయి. మరోవైపు అదే నిషేధంతో, అదే చట్టంతో దేశం మొత్తం మీద పులుల సంఖ్య 2022 అంచనాలో 3,682కు చేరింది. ఒక్క పులిని కూడా అమ్ముకోకుండా, 1972తో పోలిస్తే రెట్టింపు. వేట రుసుము లేకుండా సంరక్షణకు డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది అని అడిగేవాళ్లకు మన దేశమే ఒక జవాబు.

ఈ ఉదాహరణలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, మార్ఖోర్ కొండలకూ సరిస్కాకూ మధ్య తేడా తుపాకీ ఉందా లేదా అన్నదాంట్లో కనబడదు. జంతువు బతికుంటే పక్క ఊరికి ఏమైనా దక్కుతోందా అన్నదాంట్లో కనబడుతుంది. పిల్లలకు ఇది చెప్పాలంటే మార్ఖోర్ దాకా పోనవసరం లేదు, నేలపట్టు చాలు.

నేలపట్టు వాళ్ల లెక్క

నాయుడుపేట, సూళ్లూరుపేటల మధ్య దొరవారిసత్రం మండలంలో ఉంటుంది నేలపట్టు. 2022లో జిల్లాల విభజనతో ఆ ప్రాంతం తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గానీ మన వాళ్లకు ఇప్పటికీ అది నెల్లూరు పక్షుల చెరువే. 1976లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 459 హెక్టార్లు, అంటే ఐదు చదరపు కిలోమీటర్లు కూడా లేదు. అడవి అనడానికి కూడా చాలని చోటు. అక్టోబరు నుంచి మార్చి వరకు గూడబాతులు, అంటే పెలికాన్లు, చెరువు నీళ్లలో నిలబడి పెరిగిన చెట్ల మీద గూళ్లు కడతాయి. నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, తెల్ల కంకణాలు, చీకటి కొంగలు వాటితోపాటే. గూడబాతులు గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచడానికి దక్షిణ భారతంలో ఎంచుకున్న ముఖ్యమైన చోట్లలో ఇది ఒకటి.

ఇక్కడ ఒక సైన్సు పాఠం ఉంది. గూళ్లు నేలపట్టులో, మేత పులికాట్‌లో. పొద్దున్నే సరస్సు మీదకు వెళ్లి చేపలు మింగి, సాయంత్రానికి పిల్లల దగ్గరకు తిరిగొస్తాయి. వేల పక్షులు నెలల తరబడి ఆ చెట్ల మీద నుంచి వేసే రెట్ట చెరువులో పడుతుంది. రెట్టలో నత్రజని, భాస్వరం దండిగా ఉంటాయి. ఆ నీళ్లు తూము దాటి పొలాల్లోకి పారితే, బస్తా ఎరువు వేసినంత పని అవే చేస్తాయని అక్కడి రైతులకు తరాలుగా తెలుసు. పులికాట్ చేపలోని సత్తువ పక్షి పొట్టలో ప్రయాణం చేసి దొరవారిసత్రం వరి కంకిలోకి చేరుతోందన్నమాట. పదో తరగతి పిల్లలు పోషకాల చక్రం పాఠంలో గీసే బాణాలన్నీ ఇక్కడ కళ్లతో చూడొచ్చు.

ఆ ఊరివాళ్లు పక్షుల మీద రాయి వేయనివ్వకపోవడానికి భక్తి, ప్రేమ, అలవాటు అన్నీ కారణాలే. వాటితోపాటు ఈ లెక్క కూడా ఉంది. చట్టం రాకముందే వాళ్లు కాపాడారు. ఇలాంటి ఊళ్లు ఇంకా ఉన్నాయి. చెన్నైకి అవతల వేడంతాంగల్‌లో 18వ శతాబ్దం చివర్లో దొరల సైనికులు సరదాకు పక్షుల్ని కాల్చిపోతుంటే, రైతులు చెంగల్పట్టు కలెక్టర్ లయొనెల్ ప్లేస్ దగ్గరకు వెళ్లి తమ చెరువు పక్షుల్ని కాపాడుకునే హక్కు రాయించుకున్నారు. ఆ పత్రాన్ని కౌలు అనేవారు. అంటే ఈ తీరంలో మొట్టమొదటి 'వేట నిషేధం' అడిగింది పర్యావరణవేత్తలు కాదు, ఎరువు నీళ్లు పోతాయని బాధపడ్డ రైతులు. అనంతపురం వైపు చిలమత్తూరు దగ్గర వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు కడతాయి. కొంగలొస్తే వానలొస్తాయని అక్కడ నమ్మకం, ఊరంతా వాటికి కాపలా.

మార్ఖోర్ కొండ కింద ఊరికి డాలర్లు దక్కాయి, నేలపట్టుకు ఎరువు నీళ్లు దక్కాయి. డబ్బు రూపం వేరు, పని చేసే సూత్రం ఒకటే. డిబేట్‌లో ఏ పక్షం తీసుకున్నా పిల్లలు ఈ పోలిక వాడుకోవచ్చు.

ఇది తారుమారైన చోటు కూడా మన రాష్ట్రంలోనే ఉంది. కర్నూలు వైపు రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం పెట్టారు. కాపలా వల్ల కృష్ణజింకలు పెరిగాయి. అవి చుట్టుపక్కల పొలాల మీద పడ్డాయి. రైతుకు పక్షి వల్ల వచ్చిందేమీ లేదు, జింక వల్ల పంట పోయింది. సాగునీరు వచ్చి పంటల తీరు మారింది. బట్టమేక పిట్ట క్రమంగా కనబడకుండా పోయింది.

వేటగాడికి తెలిసినది

వేటను తిట్టే వ్యాసాల్లో వేటగాడు ఎప్పుడూ దుర్మార్గుడే. ఇది అన్యాయం. మన పక్షుల గురించి పుస్తకాల్లో ఉన్న విషయాల్లో ఎంతో వేటాడి బతికినవాళ్లు చెప్పినదే.

1840లలో నెల్లూరులో థామస్ జెర్డాన్ అనే కంపెనీ డాక్టరు సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. ఆసుపత్రి పని అయ్యాక ఆయన ధ్యాసంతా పక్షుల మీదే. ఇక్కడి యానాదులతో స్నేహం చేసి, పక్షుల తెలుగు పేర్లు, అలవాట్లు వాళ్ల దగ్గర తెలుసుకున్నాడు. ఆయన పేరుతోనే పిలిచే ఒక పక్షి ఉంది, మనం కలివికోడి అంటాం. పెన్నా, గోదావరి లోయల పొదల్లో రాత్రిపూట తిరిగే చిన్న పక్షి. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్తలు చిత్రాలు చూపించి ఊరూరా అడిగితే, దాన్ని గుర్తుపట్టి రాత్రి వెలుగులో పట్టుకొచ్చింది ఒక స్థానిక వేటగాడు. ఆ తర్వాత శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. మన కండలేరుకు నీళ్లు తెచ్చే తెలుగుగంగ కాలువ దారినే ఆ పక్షి కోసం మార్చాల్సి వచ్చింది.

ఈ నేర్పును చట్టం లోపలే వాడుకున్న పద్ధతి మన పొరుగు రాష్ట్రంలోనే ఉంది. 1972 చట్టంతో పాము చర్మాల వ్యాపారం ఆగిపోయి, పాములు పట్టి బతికే ఇరుళ్ల కుటుంబాలు రోడ్డున పడ్డాయి. 1978లో మహాబలిపురం దారిలో వాళ్లకు ఒక సహకార సంఘం ఏర్పడింది. తమిళనాడు అటవీశాఖ ఏటా ఇన్ని పాములని అనుమతి ఇస్తుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి. పట్టిన పామును కొద్ది వారాలు ఉంచుకుని విషం తీసి, పొట్ట పొలుసుల మీద గుర్తు పెట్టి, మళ్లీ వదిలేస్తారు. పాము కాటుకు మన ప్రభుత్వాసుపత్రిలో ఇచ్చే ఇంజెక్షన్‌కు కావలసిన విషంలో ఎక్కువ భాగం దశాబ్దాలుగా ఇక్కడి నుంచే వెళ్తోంది. వేట ఉంది, కోటా ఉంది, లైసెన్సు ఉంది, జీతం ఉంది, చావు లేదు. 'లీగల్ హంటింగ్' అనే మాటకు ఇంత మంచి ఉదాహరణ ఆఫ్రికాలో కూడా దొరకదని మా సైన్సు విభాగం అభిప్రాయం.

నల్లమలలో చెంచులను పులుల కాపలా బేస్ క్యాంపుల్లో పనిలో పెట్టుకోవడం కూడా ఈ కోవలోదే. మన వరిపొలాల్లో ఎలుకలు పట్టే యానాది కుటుంబాల పని గురించి పిల్లలకు మీరే చెప్పగలరు. మందు పెట్టి చంపిన ఎలుకను గుడ్లగూబ తింటే అదీ పోతుంది, చేత్తో పట్టిన ఎలుకతో ఆ గొడవ లేదు.

అడవిపంది ప్రశ్న

ఉదయగిరి, రాపూరు వైపు బంధువులున్న ఇళ్లలో ఈ డిబేట్ అంత ప్రశాంతంగా సాగదు. వేరుశనగ చేనులో రాత్రికి రాత్రే పందులు దున్నిపోసినట్టు చేసి వెళ్తే, పొద్దున గట్టు మీద నిలబడినవాడికి మార్ఖోర్ కథ చెప్పలేం.

చట్టం ఏమంటుందంటే, మనుషులకు గానీ, పైరుతో సహా ఆస్తికి గానీ ప్రమాదమైన కొన్ని జంతువులను చంపడానికి రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా ఆయన అధికారం ఇచ్చిన అధికారి రాతపూర్వకంగా అనుమతించవచ్చు. అడవిపంది ఆ జాబితాలో ఉంది. కేరళ 2022లో ఈ అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షుల దాకా తెచ్చింది. అయితే ఇలా చంపిన జంతువు ప్రభుత్వ ఆస్తి. మాంసం పంచుకోవడానికి లేదు, అమ్మడానికి లేదు. అనుమతి లేకుండా కరెంటు తీగ పెడితే అది నేరం. పైగా అదే తీగకు పక్క పొలం మనిషి, బర్రె బలైన వార్తలు మనం ఏటా చదువుతున్నాం.

పెద్ద ఎత్తున చంపినప్పుడు ఏం జరుగుతుందో 2016లో బిహార్‌లోని మోకామాలో చూశాం. నీల్‌గాయ్‌లను పంట శత్రువుగా ప్రకటించి, హైదరాబాద్ నుంచి షూటర్లను పిలిపించారు. కొద్ది రోజుల్లో రెండు వందలకు పైగా నేలకూలాయి. కేంద్ర మంత్రులే ఒకరినొకరు బహిరంగంగా విమర్శించుకున్నారు. ఆ ఏడాది కొందరు రైతులకు ఊరట దక్కి ఉండొచ్చు. అయితే షూటర్‌కు కూలీ ఇచ్చి చంపించడం వల్ల మార్ఖోర్ ఊరికి వచ్చినట్టు ఆ ఊళ్లకు ఆదాయం రాలేదు, నీల్‌గాయ్‌ను బతికించుకోవాలన్న ఆసక్తీ పుట్టలేదు. పంట కాపాడే వేట, సంరక్షణకు డబ్బు తెచ్చే వేట రెండూ వేరు. డిబేట్‌లో పిల్లలు వీటిని కలిపేసి మాట్లాడతారు, ఇక్కడ మార్కులు పోతాయి.

మా అభిప్రాయం అడిగితే, మన దేశంలో డబ్బు వేటను మళ్లీ తెరవాల్సిన అవసరం కనబడదు. ఇంత జనసాంద్రతలో పన్నెండంటే పన్నెండే అని లెక్క కాపాడటం కష్టం. కానీ వేట వద్దన్నవాళ్లం పంట పరిహారం సకాలంలో, పూర్తిగా ఇవ్వమని కూడా అడగాలి. సముద్రంలో వేట ఆపినవాడికి భృతి ఇస్తున్నప్పుడు, చేనులో జంతువును భరించేవాడికి ఇవ్వడం కొత్త సంగతేమీ కాదు.

కొనేవాళ్లం మనమే

మన ప్రాంతంలో పక్షులకు అసలు బెడద లైసెన్సు ఉన్న వేటగాడి నుంచి రావడం లేదు. అలాంటివాడు లేడు. చలికాలంలో ఉత్తరాది నుంచి, హిమాలయాల అవతలి నుంచి బాతులు పులికాట్‌కు, చుట్టుపక్కల చెరువులకు వస్తాయి. వాటికి వలలు, ఉచ్చులు, మందు కలిపిన గింజలు పెట్టేవాళ్లున్నారు. పట్టినవాడికి నాలుగు డబ్బులొస్తాయి. కొనేది మాత్రం కార్లలో వచ్చిన మనబోటివాళ్లమే. "పిట్ట మాంసం బలం" అనే మాట మన ఇళ్లలో ఇంకా వినబడుతుంది. మందు గింజ తిన్న పిట్ట మాంసం మన పిల్లల కంచంలోకి కూడా అదే మందు తెస్తుంది. రక్షిత పక్షి మాంసం కొనడం, దగ్గర ఉంచుకోవడం కూడా చట్ట ప్రకారం నేరమే, పట్టినవాడికి మాత్రమే కాదు.

ఇంట్లో, దారిలో

జనవరి ప్రాంతంలో సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ జరిగినప్పుడు చాలామంది కుటుంబాలతో వెళ్తుంటారు. 2001లో మొదలైన పండుగ అది. స్టేజీ, స్టాళ్లు చూసి వెనక్కి వచ్చేయకుండా పొద్దున్నే నేలపట్టు చెరువు కట్ట మీదకు వెళ్లండి. బైనాక్యులర్ లేకపోయినా ఫర్వాలేదు, గూళ్లు కంటికి బాగానే ఆనతాయి. రంగు చొక్కాలు, పెద్ద స్పీకర్లు వద్దు.

పిల్లల చేత అక్కడ పక్షుల పేర్ల జాబితా రాయించడం మామూలే. ఈసారి ఆ చెరువు కింద పొలం చేసే ఒక రైతుతో పది నిమిషాలు మాట్లాడించండి. పక్షులు తక్కువగా వచ్చిన ఏడాది పంటలో తేడా కనబడిందా? ఎరువు బస్తాలు ఎన్ని పడ్డాయి? పక్షుల వల్ల ఇబ్బందులేమైనా ఉన్నాయా? టూరిస్టుల డబ్బులో ఊరికి ఎంత దక్కుతోంది? చివరి ప్రశ్న కొంచెం మొహమాటమే, అయినా అడగమనండి. తీరం దగ్గరుండేవాళ్లు మత్స్యకారుల ఇంట్లో వేట నిషేధ కాలం గురించి ఇలాగే అడగొచ్చు: ఆ రెండు నెలలు ఇల్లెలా గడుస్తుంది, జూన్ తర్వాత వలలో తేడా కనబడుతోందా అని.

జవాబులు ఎదుటివాళ్ల మాటల్లోనే, తెలుగులోనే ఒక పేజీ రాసి, డిబేట్‌కు ముందు వారం క్లాస్ టీచర్‌కు ఇవ్వాలి. మాట్లాడినవాళ్ల పేరు, ఊరు రాయనక్కర్లేదు. ఎన్ని ఎకరాలు, ఏ పంట అన్నది చాలు. అనుకూల పక్షం, వ్యతిరేక పక్షం ఇద్దరికీ ఆ పేజీలే పంచుతాం.